మోటారుసైకిలు ముందు ఫోర్కు నూనె కారునపుడు సీళ్లు మార్చు విధము

మన సభ్యులలో పెక్కుమంది యిండ్ల ముంగిట నొకప్పుడు ఎడ్లబండి నిలిచిన చోట నిప్పుడు మోటారుసైకిలు నిలుచుచున్నది. అందును క్రొత్తవాటికంటె పాతవియే యెక్కువ. 1985 లో వెలువడిన హీరో హోండా సి.డి. 100, 1994 లో వచ్చిన స్ప్లెండరు మొదలగు బండ్లు నేటికిని పాలక్యానులను, ఎరువు బస్తాలను మోయుచునే యున్నవి. ఇట్టి బండ్లకు వచ్చు జబ్బులలో ముందు ఫోర్కునుండి నూనె కారుట యొకటి. ఇంజను నడచుచున్నది గదా యని చాలమంది దీనిని చూచియు చూడనట్లుందురు. అది పొరబాటు. కారిన నూనె జారిజారి చక్రము నడుమ నున్న డ్రమ్ములోనికి చేరినచో బ్రేకు షూలు పట్టు తప్పును. తెల్లవారుజామున పాలకేంద్రమునకు పోవుచుండగా గట్టుమీదినుండి గేదె యడ్డము దిగినపుడు ఆ సంగతి తెలిసివచ్చును. కావున నీ సంచికలో సీళ్లు మార్చు విధమును కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మొదట ఫోర్కు లోపల నేమున్నదో తెలియవలయును. ఒక్కొక్క కాలులో రెండు గొట్టములుండును. పైనుండి దిగు ఉక్కు గొట్టమునకు క్రోమియము పూత యుండును; దీనిని ఫోర్కు పైపు అందురు. క్రిందిది అల్యూమినియముతో పోతపోసినది; మెకానిక్కులు దీనిని బాటము అందురు. పైపు బాటములో పైకిని క్రిందికిని జారును. లోపల స్ప్రింగు, కొంత నూనె, సన్నని రంధ్రములు గల యొక కడ్డీ యుండును. గుంతలో చక్రము పడినపుడు స్ప్రింగు నొక్కుకొనును. నూనె యా రంధ్రములలోనుండి దూరి పోవలసివచ్చుటచే నూపు మెల్లగా నణగును. ఇట్లు నూనెతో నూపు నణచు జారుడు ఫోర్కును అమ్మకపు బండ్లకు మొదట నమర్చినవారు జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. వారు, 1935 నాటి ఆర్ 12, ఆర్ 17 అను బండ్లకు దానిని పెట్టిరి. నేటి మన బండ్లలోనిదియు మూలమున నదియే. బాటము మూతివద్ద నూనె బయటికి రాకుండ నాపునది రబ్బరు సీలు. దాని లోపెదవి పైపును బిగువుగా పట్టుకొనియుండును. ఆ పెదవి చుట్టును సన్నని తీగచుట్టు స్ప్రింగొకటి కలదు. దానిపైన దుమ్మును ఆపు మరియొక మూతసీలుండును.

రబ్బరు ఏండ్లు గడచినకొలది గట్టిపడి పెదవి బిగువు చెడును. కాని మన పల్లెలలో సీళ్లు ముందుగనే పోవుటకు కారణము బురద. దమ్ముచేసిన మళ్ల వెంట పోయిన బండిని ఇంటికి వచ్చినతోడనే కడుగక మరునాడు ఎండలో నడిపినచో, పైపుమీద నెండిన మట్టి ఆకురాయివలె పెదవిని కోయును. నీరు పోసి తుడిచినంత మాత్రమున ఆ యపాయము తప్పును. అయితే నూనె కనబడిన ప్రతిసారియు సీలు పోయినదని తలపరాదు. ఒక్కొక్కప్పుడు పెదవి క్రింద నొక యిసుకరేణువు చిక్కుకొనియుండును. మూతసీలును మెల్లగా పైకెత్తి, పాత ఫోటో ఫిల్మువంటి పలుచని ముక్కను పెదవిక్రిందికి దూర్చి చుట్టును త్రిప్పి తీసినచో మురికి బయటపడును. పైపును తుడిచి నాలుగైదు దినములు నడిపి చూడవలెను. మరల నూనె వలయము కట్టినచో నప్పుడు విప్పవలెను.

విప్పుటకు ముందే పైపును పరీక్షింపవలెను. ఈ మాటను మేము మా యనుభవముచేత నొక్కి చెప్పుచున్నాము. మా బండికి మొదటిసారి సీళ్లు మార్చించినపుడు పని బాగుగనే జరిగినదని సంతసించితిమి. పదునైదు దినములైనను కాకమునుపే ఆ వైపే మరల కారజొచ్చినది. సీలు నాసిరకమని దూరి మరియొక జత తెచ్చి వేసితిమి. అదియు నట్లే యైనది. పిమ్మట గోటితో పైపును మెల్లగా తడిమి చూడగా సీలు జారు చోటునకు సరిగా పైన నావగింజంత త్రుప్పు గుంట తగిలినది. చక్రము గుంతలో పడినప్పుడెల్ల ఆ గుంట యంచు సీలు పెదవిని కొరుకుచుండెను. రెండు జతల సీళ్లు, రెండుమార్ల నూనె, రెండు దినముల పని వ్యర్థమాయెను. కావున గోరు తగులుకొను గుంట యేదైన నున్నదేమో చూడుడు. అంచు మాత్రమే లేచియున్నచో మిక్కిలి సన్నని ఎమరీ కాగితమును నూనెతో తడిపి నున్నచేయవచ్చును. చిన్న గుంటను ఎపాక్సీతో నింపి ఆరిన పిమ్మట అరగదీయువారును కలరు. పెద్దవైనచో క్రొత్త పైపు కొనుటయో, మరల క్రోమియము పూత వేయించుటయో తప్పదు. బండి యెప్పుడైన గట్టిగా గ్రుద్దుకొనియున్నచో, పైపును బయటికి తీసిన తరువాత సమమైన గాజుపలకపై దొర్లించి చూడుడు. వంకరయైనది గంతులు వేయును.

ఇక పని. బండిని నడిమి స్టాండుపై నిలిపి ఇంజను క్రింద కొయ్యదిమ్మె పెట్టవలెను. కాళ్లు ఇంకను బండికి బిగిసియుండగనే రెండు బిగువులను కొంచెము వదులు చేయవలెను. ఒకటి పైపు తలపైనున్న మూత బోల్టు. రెండవది బాటము అడుగున ఆరుపలకల గుంటతో నుండు బోల్టు. ఇది ఎల్-కీతో తిరుగును. లోపలి కడ్డీని పట్టియుంచునది ఈ రెండవదియే. స్ప్రింగు నొక్కుడు ఉన్నంతవరకు కడ్డీ కదలదు. స్ప్రింగు తీసిన పిమ్మట నైనచో బోల్టుతోకూడ కడ్డీయు తిరిగిపోయి యెంత సేపు త్రిప్పినను ఊడి రాదు. అట్టి చిక్కు వచ్చినచో స్ప్రింగును మరల వేసి గట్టిగా నదిమిపట్టి త్రిప్పుడు.

పిమ్మట బ్రేకు తీగను, స్పీడోమీటరు తీగను విడదీసి, యాక్సిలు లాగి చక్రమును, తరువాత మడ్‌గార్డును తీయవలెను. టీ బోల్టులను వదులుచేసి కాలును మెలిత్రిప్పుచు క్రిందికి లాగినచో వచ్చును. మూత బోల్టును పూర్తిగా విప్పునపుడు ముఖము దానిపైకి వంచరాదు. స్ప్రింగు దానిని ఎగురగొట్టవచ్చును. స్ప్రింగు చుట్లు ఒక కొన దగ్గరగాను వేరొక కొన దూరముగాను ఉండవచ్చును గనుక ఏ కొన పైన నుండెనో గుర్తుంచుకొనుడు. నూనెను గిన్నెలో వంపి, పైపును నాలుగైదు మార్లు ఆడించి మిగిలినదియు వంపవలెను. అడుగు బోల్టు తీసినంతట పైపు బయటికి వచ్చును. కొన్ని బండ్లలో బుష్షు అడ్డుపడును. అట్టివానిలో మూతసీలును సర్‌క్లిప్పును ముందుగా తీసి, పైపును విసురుగా లాగినచో సీలు దానితోనే వచ్చును.

తక్కినవానిలో మూతసీలు, సర్‌క్లిప్పు తీసిన తరువాత సీలును పెకలింపవలెను. ఇచ్చట తొందరపడినవారు బాటము అంచును విరుగగొట్టుకొందురు. అల్యూమినియము ఉక్కువంటిది కాదు. బాటము మూతికి గుడ్డచుట్టి సలసల కాగు నీరు పోసినచో లోహము కొంచెము వ్యాకోచించి సీలు వదులగును. అంచుపై సన్నని కొయ్యముక్క పెట్టి దానిమీద ఆనించి టైరు లివరుతో కొంచెము కొంచెముగా చుట్టును ఎత్తుడు. లోపలి గోడకు గీత పడనీయరాదు. ఆ గీతవెంటనే నూనె బయటికి దారి చేసికొనును.

క్రొత్త సీలు కొనునపుడు పాతదానిని చేతబట్టుకొని పొండు. దానిమీద వెలుపలి కొలత, లోపలి కొలత, మందము అచ్చు వేయబడి యుండును. అన్నియు నొక్కటే యని అంగడిలో చెప్పినను ఆ మూడును సరిపోల్చక తీసికొనరాదు. ఒకవైపే కారుచున్నను రెండువైపులను మార్చుట మేలు. భాగములన్నిటిని కిరసనాయిలుతో కడిగి ఆరనిచ్చి, సీలు పెదవికి ఫోర్కు నూనె రాచి, తీగచుట్టు కనబడు బోలువైపు క్రిందికి, అచ్చుగల వైపు పైకి ఉండునట్లు పెట్టవలెను. తలక్రిందుగా పెట్టినచో నది నూనెను ఆపదు. సీలు వెలుపలి అంచునకు సరిపోవు గొట్టపుముక్కతో, నడుమ పాతసీలును అడ్డము పెట్టి, సర్‌క్లిప్పు గాడి పూర్తిగా కనబడువరకు సమముగా దింపవలెను. పైపుమీదినుండి సీలును ఎక్కింపవలసివచ్చినచో పైపు అంచునకు నూనె రాచిన పాలిథీను సంచిని తొడుగుడు. లేనిచో ఆ యంచే పెదవిని కోయును.

అడుగు బోల్టు క్రింది రాగి వాషరును మరువరాదు. క్రొత్తది దొరకనిచో పాతదానిని ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచినచో రాగి మెత్తబడి మరల పట్టును.

నూనె విషయమున మనవారు చేయు తప్పు ఇంతింత గాదు. ఇంజనునుండి తీసిన నల్లనూనెను పోయువారిని మేము చూచితిమి. బండి పుస్తకములో చెప్పిన రకమును, చెప్పిన కొలతను, రెండు కాళ్లకును సమముగా కొలగ్లాసుతో పోయవలెను. పూర్తిగా విప్పి కడిగినపుడు పట్టు నూనె, ఊరక వంపి మార్చునప్పటికంటె కొంచెము ఎక్కువ. పుస్తకములో రెండు అంకెలున్నచో ఈ భేదమువల్లనే. ఎక్కువ పోసిన మంచిదే గదా యనుకొనరాదు. నూనెపైన గాలికి చోటు తగ్గి, ఫోర్కు నొక్కుకొనినప్పుడు ఒత్తిడి పెరిగి క్రొత్త సీలునే బయటికి త్రోయును. తక్కువైనచో గుంతలలో టక్కుమని అడుగు తగులును.

తిరిగి బిగించునపుడు రెండు పైపుల తలలును టీలో నొక్కయెత్తున నుండవలెను. చక్రము పెట్టునపుడు బ్రేకుపలకమీది గాడి, బాటముమీది మొలక, రెండును ఒకదానిలో నొకటి చక్కగా కూర్చున్నవా యని కంటితో చూచి, చేతితో తడిమి, మరల చూడవలెను. ఇది తప్పినచో బ్రేకు పట్టిన క్షణమున పలక చక్రముతో తిరిగి తీగను చుట్టుకొని మనిషిని ముందుకు విసరివేయును. ఈ వ్యాసమంతటిలో ప్రాణముతో సంబంధించిన మాట యిదియే. యాక్సిలు బిగించిన తరువాత హ్యాండిలు పట్టి ఫోర్కును నాలుగైదుమార్లు అదిమి, కాళ్లు తమంతట సర్దుకొనిన మీదట క్రింది టీ బోల్టులను కడపట బిగింపుడు.

డ్రమ్ములో నూనె చేరియున్నచో షూలను కడిగి వాడవలెనని చూడక క్రొత్తవి వేయుడు. నూనె పీల్చిన షూ వేడెక్కినపుడు దానిని మరల కక్కును. పాత షూల పొడిలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గావున నోటితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను. మొదటి దినము బరువు లేకుండ ఊరిలోనే మెల్లగా నడిపి బ్రేకు చూచుకొనుడు. మరునాటి యుదయమున పైపుపై సన్నని తడిపొర మాత్రమే యున్నచో భయము లేదు; బొట్టు కట్టినచో సీలు వంకరగా దిగినదేమో విప్పి చూడవలెను.

దీనికి కావలసిన ఎల్-కీ, సీలు దింపు గొట్టము, కొలగ్లాసు ఒక్కొక్క యింట నుండనక్కరలేదు. సంఘముల కార్యాలయములలో నొక్కొక్క జత కొని యుంచి, సభ్యులు చిట్టాలో వ్రాసి తీసికొనిపోవు నేర్పాటు చేసినచో బాగుండును.