రెండు చెవులకు రెండు ఆంప్లిఫయరులు

హెడ్‌ఫోను ధరించి పాఠములు వినుట మన విద్యార్థులకు నేడు సామాన్యమైనది. ఒక్కొక్క చెవికి వేరు ఆంప్లిఫయరు గల ఖరీదైన పరికరము కొనవలెనా యను సందేహము కలిగిన తల్లిదండ్రులకై ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

చెవికొక ధ్వని పంపుట క్రొత్త సంగతి కాదు. 1881లో పారిస్ విద్యుత్ప్రదర్శనమునందు క్లెమాఁ అదేర్ అను ఇంజనీరు నాటకశాల వేదికపై టెలిఫోను యంత్రములమర్చి, శ్రోత రెండు చెవులకు వేర్వేరు తీగలద్వారా గానము వినిపించెను. పాడువారు ఏ వైపునకు కదలుచున్నదియు వినువారికి తెలిసెను. ఎడమ ప్రక్కనుండి వచ్చు ధ్వని కుడి చెవికి సెకనులో వెయ్యవవంతుకన్న తక్కువ కాలము ఆలస్యముగా, కొంత మందముగా చేరును. ఆ స్వల్పభేదముచేతనే మెదడు దిక్కును గుర్తించును.

సాధారణమైన ప్లగ్గునకు మూడు లోహభాగములుండును: కొన ఎడమ చెవికి, నడిమిది కుడి చెవికి, మొదలు రెండింటికిని ఉమ్మడి. వచ్చు దారులు వేరైనను కరెంటు మరలిపోవు దారి ఒక్కటే. చాళ్లలో రెండిండ్లకు ఒకే తూమున్నచో ఒక ఇంటి నీరు రెండవ ఇంట పొంగుట మనవారెరుగనిది కాదు. చెవిభాగపు నిరోధము 32 ఓములు, ఉమ్మడి తీగది అర ఓము అయినచో, ఒక ప్రక్క ధ్వనిలో సుమారు 65వ వంతు రెండవ ప్రక్కకు జారును. రెండు ఆంప్లిఫయరులతోబాటు నాలుగు తీగలును ఉన్నప్పుడే ఇది ఆగును. ప్లగ్గు పాతదే యైన ప్రయోజనము లేదు. తీగ లేని ఇయర్‌బడ్లలోనన్ననో, చౌకవాటిలో సయితము, చెవికొక ఆంప్లిఫయరు ఉండనే యున్నది!

ఆ 65వ వంతుకై వేల రూపాయలు వెచ్చించుట మాకు సమ్మతము కాదు. అంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఇట్టి పరికరములు పెక్కింటియందు ఒక్కొక్క చెవిభాగమును రెండు ఆంప్లిఫయరులు ఎదురెదురుగా నడపును. వోల్టేజి రెండింతలును, శక్తి నాలుగింతల వరకును పెరుగును. భివండీలో మరమగ్గముల ప్రక్కనే కాపురములున్నవి. ఆ చప్పుడును మించి వినవలెనని పిల్లలు ధ్వనిని పెంచుదురు. పిల్లలకు వారమునకు 40 గంటలు వినుటకు 75 డెసిబెల్లులు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. అటుపై ప్రతి 3 డెసిబెల్లులకును కాలము సగమగును; 81 వద్ద 10 గంటలే. లోచెవియందలి రోమకణములు ఒకసారి నశించిన మరల మొలవవు. కావున చెవిని పూర్తిగా కప్పి బయటి చప్పుడు నాపు మెత్తలు గల హెడ్‌ఫోనునే కొనుడు.

ఇంటనున్న తీగ హెడ్‌ఫోనును పరీక్షింపగోరువారు ఫోనునందు ధ్వనిని పూర్తిగా ఎడమకు మరల్చి, ఎడమ భాగమును దిండుక్రింద నుంచి, కుడి భాగమును చెవికి ఆనించి వినుడు. గుసగుసవలె పాఠము వినబడినచో ఉమ్మడి తీగలో జారుడున్నట్లే. మగ్గములు ఆగిన వేళనే ఈ పరీక్ష సాధ్యమగును.