ఒకే తరంగం – పలువురు ప్రేషకులు

గడువు ముగిసే రోజున కళాశాల గ్రంథాలయంలో ఈ దృశ్యం సుపరిచితమే. నలభైమంది విద్యార్థులు ఒకే వైఫై ద్వారా దరఖాస్తులను, ధ్రువపత్రాల ప్రతులను పంపుతూ ఉంటారు. ఎవరిదీ ముందుకు సాగదు. గడువు దాటితే పోయేది ఒక విద్యా సంవత్సరం. అందరూ బయటినుంచి వచ్చే తీగను నిందిస్తారు. కాని దోషం తరచుగా ఆ గదిలోనే ఉంటుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్, ఆయన సహచరులు దూరాన ఉన్న టెర్మినళ్లను రేడియో ద్వారా కంప్యూటరుతో కలిపి ‘అలోహా’ వ్యవస్థను నెలకొల్పారు. కేంద్రం పలికే పౌనఃపున్యం కేంద్రానిదే గనుక అక్కడ పేచీ లేదు. టెర్మినళ్లు పంపేందుకు మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే పౌనఃపున్యం. రెండు సందేశాలు ఒకేసారి బయలుదేరితే రెండూ చెడిపోతాయి. (హిందీలో దీనిని ‘టక్కర్’ అంటారు. ‘సంఘాతం’ అని వ్రాయబోయి మానుకున్నాను. ‘ఢీ’ అంటేనే చప్పున బోధపడుతుంది.) రసీదు రాకపోతే, ఇంతని నియమం లేని కొంత వ్యవధి ఆగి మళ్లీ పంపాలి. ఈ పద్ధతిలో మార్గసామర్థ్యంలో సుమారు 18 శాతానికి మించి వినియోగం కాదని గణితం తేల్చింది.

1997నాటి వైఫై ప్రమాణం ‘ముందు విను, తరువాత పలుకు’ అన్న నియమాన్ని స్వీకరించింది. అందువల్ల ఢీలు తగ్గాయి. అయితే గోడకు అటూ ఇటూ ఉండి ఒకరినొకరు వినలేనివారి విషయంలో అవి తప్పలేదు.

అంతకన్నా విచిత్రమైన అంశాన్ని 2003లో ఫ్రెంచి పరిశోధకులు వెల్లడించారు. ఈ నియమం అందరికీ సమానమైన వంతులనిస్తుంది, సమానమైన కాలాన్ని కాదు. 1500 బైట్ల పొట్లాన్ని సెకనుకు 11 మెగాబిట్ల వేగంతో పంపితే సుమారు 1 మిల్లీసెకను పడుతుంది. దూరాన, బలహీనమైన సంకేతంతో 1 మెగాబిట్ వేగాన పంపేవానికి 12 మిల్లీసెకన్లు కావాలి. వంతులు మారుతూ పోతే వేగవంతుడు కూడా సెకనుకు 1 మెగాబిట్‌లోపే మిగులుతాడు. మూలనున్న ఒక్క విద్యార్థి గదినంతటినీ నెమ్మదింపజేస్తాడన్నమాట, పాపం, తనకు తెలియకుండానే!

కనుక ఎక్కువ సొమ్ము చెల్లించి బయటి మార్గాన్ని విస్తరించడానికి ముందు ఆ మూలకు సమీపాన మరొక ప్రసారిణిని నిలపడం మేలు. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కపక్కనున్న ప్రసారిణులకు 1, 6, 11 సంఖ్యల మార్గాలను వేరువేరుగా కేటాయించాలి. కదలని కంప్యూటర్లకు తీగ వేస్తే గాలిలో రద్దీ తగ్గుతుంది. 2021లో వెలువడిన ప్రమాణంలోనైతే, ఎవరు ఎప్పుడు, మార్గంలో ఏ భాగంలో పంపాలో ప్రసారిణియే పిలిచి చెప్పగలదు. అందుకు విద్యార్థి చేతిలోని ఫోను కూడా ఆ ప్రమాణానిదై ఉండాలి.