చక్రం నేలను వీడరాదు

మోటారు సైకిలు నేడు సామాన్యుని వాహనం. విద్యార్థి కళాశాలకు, రైతు పొలానికి, పాల వ్యాపారి పట్టణానికి దానిపైనే చేరుకుంటారు. గతుకుల దారిలో నడుము అదిరినప్పుడు మాత్రమే మనకు షాక్ అబ్జార్బర్లు గుర్తుకు వస్తాయి. అవి కేవలం సుఖం కోసమేనని చాలామంది భావిస్తారు. వాస్తవానికి వాటి ప్రధాన ధర్మం టైరును నేలకు అంటిపెట్టి ఉంచడం. నేలను వీడిన చక్రానికి బ్రేకు వేసినా బండి ఆగదు; హ్యాండిల్ తిప్పినా మలుపు తిరగదు.

గతుకు తగిలినప్పుడు స్ప్రింగు కుంచించుకొని ఆ శక్తిని తనలో దాచుకుంటుంది. అదుపు లేకపోతే బండి బంతిలా ఎగిరెగిరి పడుతుంది. ఆ అదుపును కలిగించేది షాక్ అబ్జార్బరులోని నూనె. అది సన్నని రంధ్రాల గుండా ప్రవహిస్తూ ఆ శక్తిని వేడిగా మారుస్తుంది. 1935లో జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ తన ఆర్ 12 మోటారు సైకిలుకు ఇటువంటి నూనె గల టెలిస్కోపిక్ ఫోర్కులను అమర్చింది. నేటి సాధారణ బండ్ల ముందు ఫోర్కులలోనూ ఇదే సూత్రం ఉంది.

ఒక పాల వ్యాపారిని ఉదాహరణగా తీసుకుందాం. తెల్లవారుజామున నిండు క్యాన్లతో బయలుదేరితే బండి వెనుక భాగం కుంగి, ప్రతి గుంతలోనూ అడుగంటా కొట్టుకుంటుంది. ఖరీదైన కొత్త షాక్ అబ్జార్బర్లు కొనాలని అతడు తలుస్తాడు. కాని కొనడానికి ముందు కొలవడం వివేకం.

మొదట టైర్లు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ సూచించిన మేరకు గాలి నింపాలి. తరువాత మెయిన్ స్టాండు వేసి, వెనుక చక్రం గాలిలో వేలాడుతుండగా ఇరుసు నుంచి సీటు పక్కన పెట్టిన గుర్తు వరకు టేపుతో కొలవాలి. పిమ్మట బండిని నేలపై నిలిపి, రోజువారీ బరువుతో కూర్చొని, మరొకరి చేత మళ్ళీ కొలిపించాలి. ఈ రెండింటి భేదమే కుంగుదల. చక్రం కదలిక మొత్తం 100 మిల్లీమీటర్లయితే కుంగుదల సుమారు 30 మిల్లీమీటర్లుండటం మంచిది.

కుంగుదలను మార్చడానికి స్ప్రింగు చివర మెట్లు గల ఉంగరం ఉంటుంది. చాలా బండ్లలో ఐదు మెట్లుంటాయి. సి ఆకారపు పానాతో రెండు వైపులా సమానంగా తిప్పాలి. స్ప్రింగు మార్పు దానిపై పడే బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. 20 కిలోలకు ఒక సెంటీమీటరు కుంగే స్ప్రింగును ముందే ఒక సెంటీమీటరు నొక్కి బిగించామనుకుందాం. మొదటి 20 కిలోలకు అది కదలదు. ఆపైన ప్రతి 20 కిలోలకూ మునుపటిలాగే కుంగుతుంది. అంటే మెట్టు పెంచితే స్ప్రింగు గట్టిపడదు. బండి కుంగుదల మాత్రమే తగ్గుతుంది.

కాబట్టి నిండు క్యాన్లకు మెట్టు పెంచాలి. ఖాళీ క్యాన్లతో తిరిగి వచ్చేటప్పుడు తగ్గించాలి. తగ్గించకపోతే గుంతలోకి దిగడానికి చక్రానికి అవకాశం చాలదు. కంకర మలుపులో అది నేలను వీడితే ప్రాణానికే ముప్పు.

సర్దుబాటు అరుగుదలకు మందు కాదు. సీటును గట్టిగా నొక్కి వదిలినప్పుడు బండి పదే పదే ఊగితే నూనె అదుపు తగ్గినట్లే. ఫోర్కు సీలు వద్ద నూనె కారుతుంటే సీలు మార్చి, కంపెనీ చెప్పిన రకం నూనెను రెండు కాళ్ళలోనూ చెప్పిన కొలత మేరకు పోయించాలి. వెనుక షాక్ అబ్జార్బర్లు పాడైతే రెండింటినీ కలిపి మార్చాలి. అక్కడ చేసే ఖర్చు వ్యర్థం కాదు. చివరి మెట్టులోనూ బండి అడుగంటితే బరువు మితిమీరిందేమో చూసుకోవాలి.

ఒకసారికి ఒక మార్పే చేసి, అదే దారిలో నడిపి, ఫలితాన్ని పుస్తకంలో రాసుకోవాలి. పొదుపు అంటే ఖర్చు మానడం కాదు. ఎక్కడ ఖర్చు చేయాలో తెలుసుకోవడం.

ప్రశ్నలు
1. షాక్ అబ్జార్బర్ల ప్రధాన ధర్మమేమిటి?
2. కుంగుదలను కొలిచే విధానాన్ని వివరించండి.
3. పాల వ్యాపారి తిరుగు ప్రయాణంలో మెట్టు ఎందుకు తగ్గించాలి?