బిడ్డ వంశమును వెదకు విధము



మన జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములలో తయారగు చలనచిత్రములలో ఒక కథ మీకు సుపరిచితము. జాతరలో తప్పిపోయిన బిడ్డ తుదకు పుట్టుమచ్చ చేత తల్లిని జేరును. కల్పన యని నవ్వుకొందుము. కాని దేహముపై గుఱుతులను నిజముగా వ్రాసియుంచిన చిట్టాలు గలవు. వాని సాయముననే అనేక తెలుగు కుటుంబములవారు తమ పూర్వుల జాడ కనుగొనుచున్నారు.

1860 నవంబరు 16వ తేదీన, మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో యను ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాయందలి డర్బన్ రేవు జేరెను. నాటినుండి 1911 వఱకు సుమారు లక్షన్నరమంది భారతీయులు ఒడంబడిక కూలీలుగా నేటాలు సీమకు వెళ్లిరి. వారిలో తెలుగువారు అనేకులు. చంకబిడ్డకు సైతము ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహముపై గుఱుతులు వ్రాసిరి.

ఈ చిట్టాలను చదువుటలో మూడు చిక్కులు గలవు.

మొదటిది పేరు. గుమాస్తా తాను విన్నట్లు ఇంగ్లీషులో వ్రాసెను. ణ, ళ భేదములును, దీర్ఘములును పోయినవి. కావున పేరును బిగ్గరగా పలుకుచు వెదకవలెను. ఇంటిపేరు తఱచుగా కనబడదు. తండ్రిపేరో, నాయుడు వంటి బిరుదో తరువాతివారికి ఇంటిపేరైనది.

రెండవది జిల్లా. నాడు ఉత్తరార్కాడని వ్రాసిన గ్రామము నేడు 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా పటములో నుండవచ్చును. విశాఖపట్టణమని వ్రాసినదానిని 1950లో ఏర్పడిన శ్రీకాకుళములోను, 1979లో ఏర్పడిన విజయనగరములోను గూడ వెదకవలెను.

మూడవది, ఆ సీమలోనే పుట్టిన బిడ్డ. ఆ బిడ్డ పేరు ఓడచిట్టాలో నుండదు; తలిదండ్రుల సంఖ్యను బట్టి వెనుకకు పోవలెను. క్రైస్తవ కుటుంబములకు సంఘపు వివాహ పుస్తకములును తోడ్పడును. నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు 1903లో నేటాలు వెళ్లి, అచ్చటి తెలుగు బాప్తిస్టులకు పరిచర్య చేసిరి.

మా తరగతిలో ఒకనాడు ముత్తవ్వ పేరేమని యడిగితిని. చెప్పగలిగినవారు మిక్కిలి కొలదిమంది. సముద్రము దాటిన కూలిబిడ్డకు చిట్టాలో ఒక వరుసయైనను మిగిలినది. స్వదేశముననే యున్న మన ముత్తవ్వలకు అదియు లేదు. వారి పేర్లు మన యింటి వృద్ధుల జ్ఞాపకమునందు మాత్రమే నిలిచియున్నవి.

కావున ఈ సెలవులలో మీ అవ్వతాతల చెంత గూర్చుండి, వారి తలిదండ్రుల పేర్లను, పుట్టినయూళ్లను, అవ్వల పుట్టింటి పేర్లను అడిగి వ్రాసికొనుడు. వ్రాసిన తేదీని గూడ వేయుడు. ఈ పని వచ్చే సంవత్సరమునకు వాయిదా వేయతగినది కాదు.