సమావేశంలో నోరు విప్పని సభ్యులు

సంఘ సమావేశం అనగానే కొందరు ముందుగా వచ్చి ముందు వరుసలో కూర్చుంటారు. కొందరు గోడకు ఆనుకొని కూర్చొని, చివరి వరకు మాట్లాడరు. మరికొందరు పని చెడిందని గొణుగుతూ లేచిపోతారు. వీరిలో సంఘంపై అభిమానం ఎవరికి తక్కువ? ఎవరికీ కాదు. స్వభావాలు వేరు.

మనుషులలో అంతర్ముఖులు, బహిర్ముఖులు ఉంటారని స్విట్జర్లాండు మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ 1921లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. బహిర్ముఖునికి నలుగురిలో ఉంటే ఉత్సాహం. అంతర్ముఖుడు ముందు ఆలోచించుకొని తరువాత మాట్లాడతాడు. అప్పటికి చర్చ వేరే అంశానికి పోయి ఉంటుంది. ఇక పని సాధించాలనే పట్టుదల గలవారికే సమావేశాల భారం ఎక్కువగా బాధిస్తుందని 2006లో రోగెల్‌బర్గ్ బృందం ప్రచురించిన పరిశోధన తెలిపినది. కనుక లేచిపోయేవాడు సోమరి అనుకోరాదు. ఆవు పొదుగు మన ఎజెండా కోసం ఆగదు గదా!

దీనిని చిన్న విషయంగా తీసుకోరాదు. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడినప్పుడు పాడి రైతుకు ప్రైవేటు కేంద్రాలే దిక్కయినవి. నేడు తిరుపతి, చిత్తూరు ప్రాంత పల్లెలలో పాలు పోయడానికి వేరే కేంద్రాలు దగ్గరలోనే ఉన్నవి. వెన్న శాతంపై తన సందేహాన్ని సమావేశంలో అడగలేని సభ్యురాలు తగవు పెట్టుకోదు. మరునాడు తన క్యాను వేరే కేంద్రానికి తీసుకుపోతుంది.

కావున కార్యదర్శులు ఈ క్రింది పద్ధతులు పాటించవలెనని కోరుతున్నాము.

1. ఎజెండాను వారం ముందే పాల సేకరణ కేంద్రంలో అతికించాలి. చదువు రానివారికి పాలు పోసేటప్పుడు చెప్పాలి.

2. పాలు పితికే వేళ తప్పించి సమావేశం పెట్టాలి. ముగిసే సమయం కూడా ముందే చెప్పి, దానికి కట్టుబడాలి.

3. ముఖ్యమైన అంశంపై మొదట ఎవరికి వారు మౌనంగా చీటీపై వ్రాయాలి. వ్రాయలేనివారి మాట కార్యదర్శి విడిగా విని వ్రాసుకోవాలి. తరువాత వరుసగా ఒక్కొక్కరి అభిప్రాయం చదివి, ఆ పైన చర్చించాలి. డెల్‌బెక్, వాన్ డి వెన్ అనేవారు 1971లో వివరించిన పద్ధతి ఇటువంటిదే.

4. బిడియస్తులను సభలో హఠాత్తుగా అడిగితే బెదురుతారు. "అక్కా, రేపు ఈ సంగతి అడుగుతాము, ఆలోచించి రా" అని ముందురోజే చెప్పాలి.

సభ్యుల స్వభావం మనం మార్చలేము, మార్చనక్కర లేదు. సమావేశం జరిపే తీరు మాత్రం మన చేతిలో ఉన్నది.