దేశాలు దాటిన డిఫెండర్: ప్రతిభతో పాటు పాస్‌పోర్టు కథ

ఆటల వార్త కనిపిస్తే విజేత పేరు, స్కోరు రాసుకుని పేజీ తిప్పేసే అభ్యర్థులే ఎక్కువ. ఒక ఫుట్‌బాల్ ఆటగాడు ఆరు దేశాల లీగుల్లో ఎలా ఆడగలిగాడు అని ఒక్కసారి అడిగి చూడండి. అంతర్జాతీయ ఒప్పందాలు, కోర్టు తీర్పులు, కార్మిక హక్కులు వరసగా ముందుకొస్తాయి. నార్వే లెఫ్ట్ బ్యాక్ జాన్ ఆర్నె రీసె కెరీర్ ఇందుకు చక్కటి ఉదాహరణ.

ఎనిమిది క్లబ్బులు, ఆరు లీగులు

ఒకే క్లబ్బును అంటిపెట్టుకోకుండా, కాంట్రాక్టు ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లి ఆడే వృత్తి ఆటగాణ్ని ‘జర్నీమ్యాన్’ అంటారు. 1980లో పుట్టిన రీసె లివర్‌పూల్‌లో ఏడు సీజన్లు నిలకడగా ఆడాడు. కెరీర్ చివరి సంవత్సరాల్లో మాత్రం అచ్చంగా జర్నీమ్యాన్ జీవితమే గడిపాడు.

• ఆలెసుండ్ (నార్వే): తొలి క్లబ్బు
• మొనాకో (1998): మొనాకో వేరే దేశమైనా ఆ క్లబ్బు ఫ్రాన్స్ లీగ్‌లో ఆడుతుంది
• లివర్‌పూల్ (2001-08), రోమా (2008-11), ఫుల్‌హామ్ (2011-14)
• అపోయెల్ (సైప్రస్, 2014-15)
• ఢిల్లీ డైనమోస్ (2015): కోచ్ బ్రెజిల్ దిగ్గజం రాబర్టో కార్లోస్
• మళ్లీ ఆలెసుండ్, ఆపై చెన్నైయిన్ ఎఫ్‌సీ (2016): కోచ్ ఇటలీకి చెందిన మార్కో మాటెరాజ్జి

నార్వే జాతీయ జట్టుకు 110 మ్యాచ్‌లు ఆడాడు.

డిఫెండర్ బతుకు: రెండు దృశ్యాలు

2005 మే 25, ఇస్తాంబుల్. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ సగం ముగిసేసరికి లివర్‌పూల్‌పై ఏసీ మిలాన్ 3-0 ఆధిక్యంలో ఉంది. 54వ నిమిషంలో ఎడమ అంచు నుంచి రీసె బంతిని లోపలికి పంపాడు. మొదటిసారి ప్రత్యర్థి అడ్డుకున్నాడు. తిరిగొచ్చిన బంతిని మళ్లీ పంపితే, కెప్టెన్ గెరార్డ్ తలతో గోల్ చేశాడు. ఆపై మరో రెండు గోల్స్‌తో స్కోరు 3-3 అయింది. షూటౌట్‌లో రీసె కిక్‌ను గోల్‌కీపర్ డిడా ఆపేసినా కప్పు లివర్‌పూల్‌దే.

2008 ఏప్రిల్ 22, ఆన్‌ఫీల్డ్. చెల్సీతో సెమీఫైనల్ తొలి అంచె. 1-0తో లివర్‌పూల్ గెలుపు ఖాయమనుకుంటున్న ఇంజురీ టైమ్‌లో తక్కువ ఎత్తులో ఒక క్రాస్ దూసుకొచ్చింది. బంతిని బయటికి కొట్టబోయి రీసె తలతో సొంత గోల్‌లోకే పంపాడు. రెండో అంచెలో ఓడి జట్టు ఇంటిదారి పట్టింది. ఆ వేసవిలోనే అతను రోమాకు మారాడు.

ఫార్వర్డ్ పది అవకాశాలు వదిలేసినా ఒక్క గోల్‌తో హీరో అవుతాడు. డిఫెండర్ తొంభై నిమిషాలు తప్పు లేకుండా ఆడినా ఒక్క పొరపాటే అతని పేరుకు అంటుకుంటుంది. అందుకే అతనికి కాంట్రాక్టు ఇచ్చే భద్రత ఎంతో విలువైనది.

బోస్మన్ తీర్పు ఎందుకు కీలకం?

1990లో బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మన్‌కు లీజ్ క్లబ్బుతో కాంట్రాక్టు ముగిసింది. ఫ్రాన్స్‌లోని డన్‌కెర్క్‌కు మారదామంటే పాత క్లబ్బు బదిలీ రుసుము అడ్డొచ్చింది. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం రెండు విషయాలు తేల్చింది.

1. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు ఐరోపా సమాఖ్య (ఈయూ)లోని మరో క్లబ్బుకు రుసుము లేకుండా మారవచ్చు.
2. ఈయూ పౌరులైన ఆటగాళ్లపై జాతీయత కోటా పెట్టకూడదు.

దీనికి ఆధారం కార్మికుల స్వేచ్ఛా సంచారం. అప్పటి రోమ్ ఒప్పందంలో అది 48వ అధికరణం, నేటి ఈయూ కార్యనిర్వహణ ఒప్పందం (టీఎఫ్‌ఈయూ)లో 45వది. ఆటగాడు క్లబ్బు ఆస్తి కాదు, కార్మికుడు అన్నదే తీర్పు సారం.

2024 అక్టోబరు 4న ఆటగాడు లస్సానా డియారా కేసులో ఇదే న్యాయస్థానం, ఫిఫా బదిలీ నిబంధనల్లో కొన్ని ఈయూ చట్టానికి విరుద్ధమని చెప్పింది. కరెంట్ అఫైర్స్‌లో ఈ రెండు తీర్పులనూ కలిపి చదవాలి.

నార్వే ఈయూలో లేదు కదా?

ప్రశ్నపత్రంలో తరచూ తడబడే చోటు ఇదే. నార్వే ఈయూ సభ్య దేశం కాదు. అయితే 1994 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఐరోపా ఆర్థిక ప్రాంత (ఈఈఏ) ఒప్పందంలో ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్‌లతో పాటు నార్వే కూడా ఉంది. అందుకే స్వేచ్ఛా సంచారం రీసెకూ వర్తించింది. ఇంగ్లండ్, ఇటలీ, సైప్రస్ తలుపులు అతనికి సులువుగా తెరుచుకున్నాయి. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి బ్రిటన్‌లో ఈ స్వేచ్ఛ లేదు. ఇప్పుడక్కడ విదేశీ ఆటగాళ్లకు పాయింట్ల విధానం ఉంది.

మన ఆటగాడి దారి ఎందుకు ఇరుకు?

భారత సెంటర్ బ్యాక్ సందేశ్ ఝింగన్ 2021 ఆగస్టులో, 28 ఏళ్ల వయసులో క్రొయేషియా క్లబ్బు షిబెనిక్‌లో చేరాడు. గాయాల వల్ల ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడకుండానే 2022 జనవరిలో తిరిగొచ్చాడు. అర్జున అవార్డు అందుకున్న ఆటగాడికే ఇలా జరిగింది. ఈఈఏ పౌరుడైతే పక్క దేశంలో మరో క్లబ్బు తలుపు తట్టవచ్చు. భారత పాస్‌పోర్టుతో ప్రతి దేశంలోనూ వీసా, వర్క్ పర్మిట్ పని మొదటి నుంచి మొదలు. ప్రతిభలో తేడా ఎంతున్నా, ఈ తేడానూ లెక్కలోకి తీసుకోకపోతే మనవాళ్లకు అన్యాయం చేసినట్టే.

రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకే అనుమతి ఇచ్చారు. ఆ సీజన్‌లోనే హైదరాబాద్ ఎఫ్‌సీ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించి టైటిల్ గెలిచింది. ఆ జట్టులో హువానన్ అనే స్పెయిన్ డిఫెండర్ ఉన్నాడు.

ప్రిలిమ్స్ కోసం

• ఫిఫా: 1904లో పారిస్‌లో ఏర్పడింది, కేంద్రం జ్యూరిక్.
• క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం (కాస్): లాసాన్, స్విట్జర్లాండ్.
• ఫిఫా నిబంధనల్లో కాంట్రాక్టు గరిష్ఠ కాలం సాధారణంగా 5 ఏళ్లు. 18 ఏళ్లు నిండని వారికి 3 ఏళ్లు.
• కాంట్రాక్టు చివరి 6 నెలల్లో మరో క్లబ్బుతో ఒప్పందం చేసుకోవచ్చు.
• బదిలీ రుసుములో 5 శాతం, ఆటగాణ్ని చిన్నప్పటి నుంచి తీర్చిదిద్దిన క్లబ్బులకు వెళ్తుంది.
• మన రాజ్యాంగంలో క్రీడలు రాష్ట్ర జాబితా 33వ అంశం.

మాదిరి మెయిన్స్ ప్రశ్న

‘వృత్తి క్రీడాకారుల వలసను నిర్ణయించేది ప్రతిభ ఒక్కటేనా?’ సోదాహరణంగా చర్చించండి.

జవాబును బోస్మన్‌తో మొదలుపెట్టండి. రీసె, ఝింగన్‌లను పక్కపక్కన నిలపండి. స్వేచ్ఛా సంచారం ఉన్న కార్మికుడికి ఒక చోట తప్పు జరిగితే మరో చోట నిలదొక్కుకునే వీలుంటుంది, అది లేనివాడికి ఒక్క గాయంతోనే ఆ దారి మూసుకుపోతుందని చూపించండి. మనవాళ్లు బయట రాణించాలంటే అకాడమీలతో పాటు ఆటగాళ్ల రాకపోకలను సులభం చేసే ఒప్పందాలూ కావాలన్న సూచనతో ముగిస్తే జవాబుకు నిండుదనం వస్తుంది.