ఒక్క అర మీద ఎన్ని ఊళ్లో!

కొన్నేళ్లకోసారి నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. మనం ఊరు మారతాం, బడి మారతాం, క్వార్టర్సు మారతాం. ఆ ఇల్లు మన తరువాత వచ్చేవారికి అప్పగించవలసినది. అందుకే గోడలకు నచ్చిన రంగు వేయలేం, ఎక్కడపడితే అక్కడ మేకులు కొట్టలేం. మరి మన చేతిలో ఉన్నదేమిటి? టీవీ పక్కనున్న అర, టీపాయి, దుప్పటి కప్పిన ట్రంకుపెట్టె. వీటి మీద ఏ వస్తువులు ఎలా అమర్చాలో తెలిస్తే, ఏ ఊరు వెళ్లినా అది మన ఇల్లే అనిపిస్తుంది. ఈ పాఠంలో అది నేర్చుకుందాం.

కొలువు చెప్పే పద్ధతి

అమర్చడం మనకు కొత్త విద్య కాదు. తెలుగువారి ఇళ్లలో కొందరు సంక్రాంతికి, కొందరు దసరాకు బొమ్మల కొలువు పెడతారు. మెట్లు మూడో, ఐదో, ఏడో, ఇలా బేసి సంఖ్యలో కడతారు. వాటి మీద శుభ్రమైన బట్ట పరుస్తారు. మెట్లు ఎందుకు? ముందు బొమ్మ వెనక బొమ్మకు అడ్డు రాకూడదని.

అర మీదా ఇదే సూత్రం. ఎత్తైనవి వెనక, చిన్నవి ముందు పెట్టాలి. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే, రెండు పుస్తకాలు పడుకోబెట్టి ఒక బొమ్మను వాటి మీద నిలబెట్టవచ్చు. ఒక పెద్ద వస్తువు, దాని పక్కన రెండు చిన్నవి పెడితే చూపు అక్కడ నిలుస్తుంది. కింద ఒకే రంగు బట్ట వేస్తే బొమ్మల రంగులు తేలి కనిపిస్తాయి. బరువైనవి కింది అరలోనే ఉండాలి. ముఖ్యమైన మాట: మూడో వంతు చోటు ఖాళీగా వదలాలి. ఉన్నవన్నీ ఒకేసారి పెడితే అది సామాను గదిలా ఉంటుంది. కొన్ని దాచి, పండగకో సెలవులకో మార్చుకుందాం.

ఏవి పెడదాం?

ఖరీదైనవి అక్కర్లేదు. మనం ఉన్న ఊళ్ల నుంచి ఒక్కొక్కటి చాలు.

విజయవాడకు దగ్గరలోని కొండపల్లి బొమ్మలను తెల్లపొణికి కర్రతో చేస్తారు. అది చాలా తేలిక. కాళ్లు, చేతులు, తొండం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు అందరికీ తెలిసిన బొమ్మలు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ, రంగు కలిపిన లక్కను దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టి మెరుస్తుంది. మనం ఆడుకునే లక్కపిడతలు అలా తయారైనవే. కర్ణాటకలోని చెన్నపట్న బొమ్మలకూ ఎక్కువగా వాడేది ఈ అంకుడు కర్రే. అక్కడ దాని పేరు ఆలె మర. ఊరు మారితే పేరు మారింది, చెట్టు మాత్రం ఒకటే!

కర్ణాటకలోనే ఉన్న బీదరులో, జింకు, రాగి కలిపిన లోహం మీద వెండి తీగలు పొదిగి, కోట మట్టితో దానికి నలుపు తెస్తారు. పశ్చిమ బెంగాల్‌లోని బాంకురా జిల్లా పాంచ్‌మురా గ్రామం పొడవాటి మెడ ఉన్న మట్టి గుర్రాలకు పేరు పొందింది. ఇవన్నీ పక్కపక్కన నిలబడితే మన అర ఒక చిన్న దేశపటం.

చీటీ రాద్దాం

కొత్త బడిలో అందరూ అడిగే మొదటి ప్రశ్న, "మీది ఏ ఊరు?" పుట్టింది ఒకచోట, పెరిగింది నాలుగుచోట్ల. చాలామందిమి ఏం చెప్పాలో తెలియక తడబడతాం. అరలోని వస్తువులు ఆ జవాబు చెప్పగలవు, వాటి కథ మనకు తెలిస్తేనే. ఏ వస్తువు ఎక్కడ కొన్నారో, ఎవరు ఇచ్చారో ఈ రోజు అమ్మానాన్నలకు గుర్తుంది. రాసి పెట్టకపోతే నాలుగు బదిలీల తరువాత అది వట్టి బొమ్మే.

కాబట్టి ప్రతి వస్తువు కింద చిన్న చీటీ పెడదాం: పేరు, ఊరు, సంవత్సరం, ఇచ్చినవారు. చీటీని తెలుగులోనే రాద్దాం. మనలో చాలామంది బడిలో రాసేది హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాట్లాడే మాటగానే మిగిలిపోతోంది. నాలుగు పంక్తుల చీటీ రాసినా మన లిపి చేతికి అలవాటవుతుంది. తాతయ్య, అమ్మమ్మ వచ్చినప్పుడు చదివి తప్పులు దిద్దుతారు, మనకు తెలియని కథ ఇంకొకటి చెబుతారు.

కాపాడుకోవడం ఎలా?

కొండపల్లి బొమ్మలను తడిగుడ్డతో తుడవకూడదు. పొడి బ్రష్షుతో దుమ్ము దులపాలి. లక్క బొమ్మలను ఎండకు, పొయ్యి వేడికి దూరంగా ఉంచాలి. ఇత్తడిని చింతపండుతో తోమవచ్చు. బీదరు వస్తువును మాత్రం అలా తోమితే నలుపు పోతుంది. దాన్ని మెత్తని బట్టకు చుక్క కొబ్బరినూనె అద్ది తుడవాలి.

బదిలీ వచ్చినప్పుడు అర సర్దకముందే ఒక ఫోటో తీసుకుందాం. ఒక్కో బొమ్మను పాత నూలుబట్టలో చీటీతో సహా చుట్టి, బట్టల పెట్టె మధ్యలో పెడదాం. బాంకురా గుర్రం చెవులు ఊడి వచ్చేవైతే వాటిని విడిగా చుట్టాలి. పెట్టె మీద "ముందు ఇది తెరవాలి" అని పెద్ద అక్షరాలతో రాద్దాం.

చేసి చూద్దాం

1. మీ ఇంట్లో ఒక అర ఖాళీ చేసి, ఐదే వస్తువులతో అమర్చండి.
2. ప్రతిదానికీ తెలుగులో చీటీ రాయండి. తెలియనిది ఇంట్లో పెద్దలను అడగండి.
3. ఇప్పుడు మీరున్న ఊళ్లో చేతితో చేసే వస్తువు ఏమిటి? చేసేవారిని కలిసి, దేనితో, ఎలా చేస్తారో అడిగి పది వాక్యాలు రాయండి.